రచ్చ గెలిచారు... ఇంట ఓడారు!

చైనాతో సముద్ర వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సమురాయ్ వంశం అది. ‘తర్వాత ఎవరు?’ అన్న ఒక్క ప్రశ్నకి జవాబు దొరక్క చరిత్రలో కలిసిపోయింది. జపాన్‌లోని ఓవుచి వంశం కథ ఇది!

సమురాయ్‌లు అనగానే మనకి గుర్తొచ్చేవి కత్తులు, గుర్రాలు, కోటలు. ఓవుచి వంశం దగ్గర అవన్నీ ఉన్నాయి. కానీ వాళ్లని ఆ రోజుల్లో జపాన్‌లోనే బాగా డబ్బున్న కుటుంబాల్లో ఒకటిగా నిలబెట్టింది మాత్రం ఓ కాగితం. సగం ముద్ర ఉన్న కాగితం! దాని కోసం వేరే దేశంలో, నడిబజార్లో రక్తం పారించారు కూడా. సముద్రం మీద వాళ్లని ఢీకొట్టగలిగినవాళ్లు చాలా తక్కువ. చివరికి వాళ్లని ముంచింది సముద్రం కాదు, సొంతిల్లు.

‘ఇంట గెలిచి రచ్చ గెలవాలి’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. వీళ్లు రచ్చ గెలిచారు. ఇంట్లో మాత్రం తరం తర్వాత తరం కొట్టుకుంటూనే ఉన్నారు.

ఇరుకు దారికి కాపలాదారు

ఫోన్‌లో ఓసారి జపాన్ మ్యాప్ తెరవండి. ప్రధాన ద్వీపం హోన్షూకి పడమటి కొసన యమగూచి కనిపిస్తుంది. దాని కింద క్యూషూ ద్వీపం. రెండింటి మధ్య సన్నటి జలసంధి... షిమొనొసెకి. బాగా ఇరుకైన చోట వెడల్పు కిలోమీటరు కూడా ఉండదు. చైనా, కొరియాల నుంచి లోపలి సముద్రం మీదుగా రాజధాని క్యోటో వైపు వెళ్లాలంటే ఓడలు ఆ సందులోంచే పోవాలి. ఆ సందుకి కాపలా కాసిన కుటుంబమే ఓవుచి. తర్వాత్తర్వాత క్యూషూ ఉత్తర తీరంలోని పెద్ద రేవు హకాతా కూడా వాళ్ల చేతికొచ్చింది.

వీళ్ల గొప్ప ఇంకోటుంది. ‘మా మూలపురుషుడు కొరియాలోని బెక్జే రాజ్యపు యువరాజు’ అని చెప్పుకునేవారు. జపాన్‌లో సమురాయ్ కుటుంబాలు మామూలుగా తమ వంశం జపాన్ చక్రవర్తుల నుంచో, అక్కడి పాత కులీనుల నుంచో వచ్చిందని చెప్పుకుంటాయి. వీళ్లేమో విదేశీ రక్తం మాది అన్నారు! అది నిజమా కాదా అన్నది పక్కన పెడితే, వ్యాపారానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది. 1399లో ఈ వంశపు పెద్ద యోషిహిరో ‘మా పూర్వీకుల గడ్డ కదా, కొంచెం భూమి ఇప్పించండి’ అని ఏకంగా కొరియా రాజునే అడిగాడు. భూమి దొరకలేదు కానీ చుట్టరికం మాత్రం కొనసాగింది. కొరియాలో అచ్చయిన బౌద్ధ గ్రంథాల కోసం ఓవుచిలు పదేపదే దూతల్ని పంపేవారు. 1453లో కొరియా రాజు వాళ్లకి ఓ రాగి ముద్ర ఇచ్చాడు. ముద్రలో సగమే! మిగతా సగం కొరియా దగ్గర ఉంటుంది. రెండూ అతికితేనే వచ్చినవాడు నిజంగా ఓవుచి మనిషని నమ్మేవాళ్లు.

ఐదొందల ఏళ్ల నాటి ‘ఓటీపీ’

చైనాతో వ్యాపారం ఇంకా గట్టి వ్యవహారం. అప్పట్లో అక్కడ మింగ్ వంశపు పాలన. ప్రైవేటు సముద్ర వ్యాపారం నిషేధం. కప్పం తెచ్చే దూతలుగా వస్తేనే లోపలికి రానిస్తారు. మరి వచ్చినవాడు దూతా, సముద్రపు దొంగా? ఎలా తెలియాలి? దానికోసం పెట్టిందే ‘కాంగో’ పద్ధతి. ఆఫ్రికాలోని కాంగోకీ దీనికీ సంబంధం లేదు, జపనీస్‌లో దీని పేరే అది. కాగితం మీద ముద్ర సగం, చైనా అధికారుల రిజిస్టర్లో సగం. రేవులో దిగాక రెండూ కలిపి చూస్తారు. సరిపోతే స్వాగతం, లేకపోతే వచ్చిన దారినే వెనక్కి. ఇప్పుడు మన ఫోన్‌కొచ్చే ఓటీపీ లాంటిదే అనుకోండి. ఇంకో మెలిక ఏంటంటే, చైనాలో చక్రవర్తి మారితే కొత్త కాగితాలొస్తాయి, పాతవి చెల్లవు. ఈ మెలికే తర్వాత ప్రాణాలు తీసింది.

జపాన్ నుంచి కత్తులు, రాగి, మందుగుండుకి పనికొచ్చే గంధకం వెళ్లేవి. చైనా నుంచి పట్టు, పుస్తకాలు, బొమ్మలు, అన్నిటికంటే ముఖ్యంగా రాగి నాణేలు వచ్చేవి. జపాన్ బజార్లలో అప్పుడు చెలామణి అయింది ఆ చైనా నాణేలే! పైగా నింగ్బో రేవులో దిగింది మొదలు బీజింగ్ వెళ్లొచ్చేదాకా తిండి, బస ఖర్చులు చైనా ప్రభుత్వానివే. అందుకే అందరూ ఎగబడ్డారు. 1453లో తొమ్మిది ఓడల్లో దాదాపు 1,200 మంది దిగేసరికి మింగ్ అధికారులు తల పట్టుకున్నారు. ఇకమీదట పదేళ్లకోసారి, మూడే ఓడలు, 300 మందే అని గీత గీశారు. ఆ తొమ్మిది ఓడల్లో ఒకటి ఓవుచిలది. చైనా దారిలో వాళ్ల అడుగు పడింది అప్పుడే.

ఈ డబ్బుతో యమగూచి ఊరి రూపమే మారిపోయింది. ‘పడమటి క్యోటో’ అని పేరొచ్చింది. జపాన్ చిత్రకళలో మహామహుడనిపించుకున్న సెష్షూ 1467లో చైనా వెళ్లింది ఓవుచిల ఓడలోనే.

తోడబుట్టినవాడే తొలి శత్రువు

ఇక ఇంట్లోకి తొంగి చూద్దాం. ఆ రోజుల్లో పెద్దకొడుక్కే పట్టం అన్న గట్టి నియమం ఏమీ లేదు. తండ్రి ఎవర్ని చూపిస్తే వాళ్లు. షోగన్, అంటే దేశానికి సైనిక పాలకుడు, ఎవర్ని ఒప్పుకుంటే వాళ్లు. ఊళ్లో సేనానులు ఎవరి వెనక నిలబడితే వాళ్లు. మూడూ ఒక్కడి మీదే కుదిరితే పండగ. కుదరకపోతే యుద్ధం.

కొరియాని భూమి అడిగిన యోషిహిరోనే చూడండి. తండ్రి కాలంలోనే, 1380 ప్రాంతంలో, తమ్ముడితో యుద్ధం చేసి మరీ వంశానికి పెద్దయ్యాడు. ఆరు ప్రాంతాలు ఏలాడు. అంత పెద్దోడయ్యేసరికి షోగన్‌కి కన్నెర్రయింది. 1399లో తిరగబడి, సకాయ్ రేవులో కోట కట్టుకుని పోరాడి చనిపోయాడు. వెంటనే అతని తమ్ముళ్లిద్దరి మధ్య గొడవ. షోగన్‌కి లొంగిపోయిన హిరోషిగేకి పదవి ఇచ్చారు. ఊళ్లో ఉన్న మొరిమి ‘కుదరదు’ అన్నాడు. రెండు మూడేళ్లలోనే హిరోషిగే హతమయ్యాడు. షోగన్ చేసేదేం లేక గెలిచినవాడినే గుర్తించాడు.

యమగూచి వెళ్తే ఇప్పటికీ రురికోజి అనే గుడిలో ఐదంతస్తుల పగోడా కనిపిస్తుంది. ఎత్తు 31 మీటర్లు. 1442లో పూర్తయింది. జపాన్ జాతీయ సంపదల్లో ఒకటి. చనిపోయిన అన్న యోషిహిరో జ్ఞాపకంగా దాన్ని తలపెట్టింది ఈ మొరిమీయే. ఒక సోదరుడితో పోరాడి పీఠమెక్కినవాడు ఇంకో సోదరుడి కోసం కట్టించిన గోపురం అది!

మొరిమి 1431లో యుద్ధంలో పోయాడు. మళ్లీ అదే కథ. ఈసారి యోషిహిరో కొడుకులు మొచియో, మొచిమొరి. 1433లో మొచిమొరి చనిపోతే గానీ గొడవ ఆగలేదు. 1470లో వంశపెద్ద మసాహిరో క్యోటోలో పెద్ద యుద్ధంలో ఉంటే, అతని తండ్రికి తోడబుట్టినవాడే వెనక ఊళ్లో తిరుగుబాటు లేవదీశాడు. అప్పుడు ఇంటిని కాపాడింది నమ్మకస్తులైన సేనానులు... సూయె కుటుంబం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

1499లో ఇంకో తమ్ముడి మీద కుట్ర ఆరోపణ. అతను క్యూషూలోని ఓతొమో వంశం దగ్గరికి పారిపోయాడు. హకాతా రేవు మీద ఎప్పటినుంచో కన్నేసిన పొరుగువాళ్లు వీళ్లు. ఇంట్లో ఓడినవాడు పొరుగింటికి పోతే ఏమవుతుంది? పొరుగింటివాడి చేతిలో తాళం చెవి పెట్టినట్టే!

నింగ్బోలో నెత్తురు

ఆ తమ్ముడి అన్న యోషిఒకి మాత్రం గట్టివాడు. పదవి పోగొట్టుకున్న షోగన్‌ని 1508లో సైన్యంతో క్యోటో తీసుకెళ్లి మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడు. పదేళ్లు అక్కడే ఉన్నాడు. దానికి ప్రతిఫలంగా చైనా ఓడల నిర్వహణ హక్కు తన వంశానికి రాయించుకున్నాడు. ఇది హొసొకావా వంశానికి మింగుడు పడలేదు. వాళ్లకి సకాయ్ రేవు వర్తకుల అండ. వీళ్లకి హకాతా వర్తకుల అండ.

1523లో ఓవుచిల ఓడలు మూడు నింగ్బో చేరాయి. చేతిలో చెల్లే కాగితాలున్నాయి. కాసేపటికి... అంటే కొన్ని రోజులకి హొసొకావాల ఓడ వచ్చింది. వాళ్ల దగ్గరున్నవి పాత చక్రవర్తి నాటి కాగితాలు. చెల్లనివి! కానీ వాళ్లతో చైనాలోనే పుట్టిన ఓ ఘటికుడు ఉన్నాడు, సోంగ్ సుచింగ్. రేవు అధికారికి లంచం ముట్టింది. అంతే, వెనకొచ్చిన ఓడ సరుకు ముందు తనిఖీ అయింది. విందులో పెద్ద కుర్చీ కూడా వాళ్లకే!

ఓవుచి దూత సోసెత్సు మనుషులకి ఒళ్లు మండింది. అవతలి దూతని చంపేశారు, ఓడ తగలబెట్టారు. పారిపోయిన సోంగ్‌ని వెంటాడుతూ షావోషింగ్ నగరం దాకా వెళ్లారు. దొరక్కపోయేసరికి దారి పొడవునా దోచుకుంటూ వెనక్కొచ్చి, ఓ చైనా అధికారిని బందీగా పట్టుకుని సముద్రం ఎక్కేశారు. తరుముకొచ్చిన చైనా సేనాని సముద్రంలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. సోంగ్ చైనా జైల్లో చనిపోయాడు.

ఇంత చేసినవాళ్లని మళ్లీ రానివ్వకూడదు కదా? చాలా ఏళ్లు రానివ్వలేదు కూడా. కానీ తర్వాత తలుపు తెరుచుకున్నప్పుడు అందులోంచి వెళ్లింది ఓవుచిలే. 1539లో నింగ్బో చేరినవి, 1547లో బయల్దేరినవి... ఆఖరి రెండు బృందాలూ పూర్తిగా వాళ్లవే. పోటీ అన్నదే లేదు.

మునిగిన పడవ

అప్పటికి వంశపెద్ద యోషితకా. తండ్రి పోయాక గొడవల్లేకుండా గద్దెనెక్కిన అదృష్టవంతుడు. ఈ ఇంట్లో అది అరుదే! అతని కాలంలోనే హకాతా వర్తకుడు కమియా జుతెయ్ చొరవతో ఇవామి వెండి గనుల పని ఊపందుకుంది. 1533లో సీసంతో కలిపి కరిగించి వెండిని వేరుచేసే పద్ధతి అక్కడికొచ్చింది. ఆ పద్ధతి దేశమంతా పాకి, తర్వాతి తరాల్లో ప్రపంచ వెండిలో దాదాపు మూడో వంతు జపాన్ నుంచే వచ్చిందని ఓ అంచనా. 2007లో ఆ గనుల ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వెండి ఉంది, ఓడలున్నాయి, ఊరుంది. లేనిదల్లా వారసుడు. యోషితకాకి పిల్లల్లేరు. అక్క కొడుకు హరుమొచిని దత్తత తీసుకున్నాడు. 1542లో పొరుగున ఉన్న అమగో వంశం మీద దండెత్తినప్పుడు ఆ కుర్రాణ్ని కూడా వెంట తీసుకెళ్లాడు. దాడి బెడిసికొట్టింది. 1543లో ప్రాణాలు దక్కించుకుని వెనక్కి వస్తుంటే, హరుమొచి ఎక్కిన పడవ తిరగబడింది. సముద్రమే అన్నం పెట్టిన ఇంటికి వారసుణ్ని ఆ సముద్రమే మింగేసింది. అతని వయసు ఇరవై ఏళ్లు.

యోషితకా ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. యుద్ధం మీద మనసు విరిగింది. కవిత్వం, సంగీతం, క్యోటో నుంచి వచ్చిన దొరలతో కొలువు... ఇవే లోకమయ్యాయి. లెక్కలు, పాలన చూసే సగారా తకెతోకి పలుకుబడి పెరిగింది. యుద్ధాలు చేసే సూయె హరుకతాకి చిర్రెత్తింది. అవును, ఆ సూయె కుటుంబమే. ఒకప్పుడు ఈ ఇంటిని నిలబెట్టినవాళ్లు.

వారసుడి సంగతీ గందరగోళమే. ఓతొమోల ఇంటికి కోడలిగా వెళ్లిన తోబుట్టువు కొడుకు హరుహిదెని వారసుడిగా అనుకున్నాడు యోషితకా. 1545లో సొంత కొడుకు పుట్టాడు. ‘నువ్విక అక్కర్లేదు’ అని మేనల్లుడి మాట రద్దు చేశాడు. పక్కన పెట్టేసిన మేనల్లుడు, ఆగ్రహంతో ఉన్న సేనాని. ఇక నిప్పు రాజేయడానికి అగ్గిపుల్ల వెతుక్కోనక్కర్లేదు.

గోవా నుంచి వచ్చిన కానుకలు

ఇక్కడ మన దేశం కూడా కథలోకి వస్తుంది. గోవాలో భౌతికకాయం భద్రపరిచి ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్ తెలుసు కదా? ఆయన 1550లో యమగూచి వచ్చాడు. నలిగిన బట్టల్లో ఉన్న ఆయన మాటలు విని యోషితకా పంపించేశాడు. జేవియర్ క్యోటో వెళ్లాడు. అక్కడ చక్రవర్తి దర్శనం దొరకలేదు. దేశంలో అసలు బలం ఎవరి దగ్గరుందో అర్థమైంది. 1551లో మళ్లీ యమగూచి వచ్చాడు. ఈసారి మంచి బట్టలు, గోవాలోని పోర్చుగీసు గవర్నర్ లేఖ, అక్కడి బిషప్ లేఖ, గడియారం, కళ్లజోడు, సంగీత వాద్యం, తుపాకీ లాంటి కానుకలతో. యోషితకా మురిసిపోయి మత ప్రచారానికి అనుమతిచ్చాడు. ఉండడానికి ఖాళీగా ఉన్న ఓ బౌద్ధ మఠం కూడా ఇచ్చాడు.

అదే ఏడాది సెప్టెంబర్ చివర్లో సూయె హరుకతా తిరగబడ్డాడు. యోషితకా పక్కన నిలబడ్డవాళ్లు కొద్దిమందే. ఉత్తర తీరానికి పరుగెత్తి, సెన్జాకి దగ్గర ఓడెక్కి తప్పించుకోవాలని చూశాడు. తుఫాను గాలి ఓడని కదలనివ్వలేదు. దగ్గర్లోని తైనెయ్జి గుడిలో ప్రాణం తీసుకున్నాడు. ఏడేళ్లైనా నిండని కొడుకునీ చంపేశారు. ఆశ్రయం కోసం వచ్చిన క్యోటో దొరలు కూడా ఆ గొడవలో హతమయ్యారు.

పేరుకి రాజు, చేతిలో ముద్ర

హరుకతా తను గద్దెనెక్కలేదు. ఎక్కితే ఎవరూ ఒప్పుకోరని తెలుసు. ఓవుచి పేరు కావాలి, ఆ రక్తం కావాలి. అందుకే ఒకప్పుడు పక్కన పెట్టిన మేనల్లుడు హరుహిదెని ఓతొమోల ఇంటినుంచి పిలిపించి, 1552లో గద్దె మీద కూర్చోబెట్టాడు. తర్వాత అతను యోషినాగా అని పేరు మార్చుకున్నాడు.

కానీ ఓవుచిల కిందున్న మోరి మొతొనారి అనే చిన్న నాయకుడు లెక్కలు వేసుకుంటున్నాడు. నీళ్లలో నిలబడ్డ ఎర్రటి తోరణం ఫొటో ఎక్కడో చూసే ఉంటారు, మియజిమా ద్వీపానిది. 1555లో హరుకతా సైన్యాన్ని ఆ చిన్న ద్వీపంలోకి రప్పించి, గాలివాన రాత్రి పడవల్లో వెళ్లి దెబ్బకొట్టాడు మోరి. హరుకతా అక్కడే చనిపోయాడు.

యోషినాగా ఆఖరి ప్రయత్నంగా సముద్రం వైపే చూశాడు. సముద్రపు దొంగలు ఎత్తుకొచ్చిన చైనా బందీల్ని వెనక్కి పంపుతూ, ‘జపాన్ రాజు’ ముద్ర వేసిన లేఖ మింగ్ అధికారులకి పంపాడు. ముద్ర ఉంది కానీ మిగతా పత్రాలు లేవు. అసలు ఇతను రాజే కాదని అవతలివాళ్లకి తెలుసు. దూతల్ని మర్యాదగా వెనక్కి పంపించారు. 1557లో మోరి సైన్యం చుట్టుముడితే పాతికేళ్ల యోషినాగా ప్రాణం తీసుకున్నాడు. సొంత అన్న, ఓతొమో పెద్ద సోరిన్, సాయానికి రాలేదు.

ఆఖరి మెరుపు 1569లో. 1499లో పారిపోయిన తమ్ముడు గుర్తున్నాడా? అతని కొడుకు తెరుహిరో ఓతొమోల ఓడల్లో వచ్చి యమగూచి మీద పడ్డాడు. మోరి సైన్యం తిరిగొచ్చేసరికి నిలబడలేక అదే ఏడాది చనిపోయాడు. డెబ్బై ఏళ్ల నాటి ఇంటి తగాదాకి అది ఆఖరి కిస్తీ.

ఎవరికి లాభం?

1547 తర్వాత కాంగో ఓడ మళ్లీ చైనా వెళ్లలేదు. కాగితం పట్టుకెళ్లే ఇల్లే లేదు మరి! జపాన్‌కి పట్టు కావాలి, చైనాకి వెండి కావాలి. నేరుగా అమ్ముకునే దారి మూసుకుపోయింది. మధ్యలోకి దొంగ వ్యాపారం, సముద్రపు దొంగలు, వాళ్లతోపాటు పోర్చుగీసువాళ్లు వచ్చారు. 1557లోనే, అంటే యోషినాగా చనిపోయిన ఏడాదే, వాళ్లు చైనా తీరంలో మకావులో స్థిరపడ్డారు. 1571 నుంచి గోవా, మకావు, నాగసాకిలని కలుపుతూ వాళ్ల పెద్ద ఓడలు తిరిగాయి. ఓటీటీలో ‘షోగన్’ సిరీస్ చూసినవాళ్లకి అందులోని ‘బ్లాక్ షిప్’ గుర్తుండే ఉంటుంది. ఆ ఓడకి అంత గిరాకీ ఎందుకొచ్చిందంటే... ఆ సరుకుని అంతకుముందు మోసిన ఇల్లు కూలిపోయింది కాబట్టి.

శత్రువుల ఓడల్ని లెక్కపెట్టడం, ముద్రల్ని సరిచూసుకోవడం, పదేళ్ల ముందే ప్రయాణానికి సరుకు సిద్ధం చేసుకోవడం... ఇవన్నీ ఓవుచిలకి తెలుసు. వారసుడెవరో అందరూ ఒప్పుకునేలా ఓ మాట అనుకోవడం మాత్రం రెండొందల ఏళ్లలో కుదరలేదు. మాట ఉన్నప్పుడు షోగన్ కాదన్నాడు. షోగన్ అవునన్నప్పుడు తమ్ముడు కాదన్నాడు. ఇద్దరూ ఊరుకుంటే సేనాని కత్తి తీశాడు. సంపద పెరిగేకొద్దీ ఆ కుర్చీ విలువ పెరిగింది. కుర్చీ విలువ పెరిగేకొద్దీ ఇంట్లో ఒకరి మీద ఒకరికి నమ్మకం తరిగిపోయింది.

కొరియా రాజు ఇచ్చిన ఆ సగం ముద్ర, ‘జపాన్ రాజు’ అని చెక్కిన చెక్క ముద్ర ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. యమగూచి దగ్గర హోఫు పట్టణంలోని మ్యూజియంలో చూడొచ్చు. ఆ మ్యూజియం పేరు మాత్రం ఓవుచి కాదు... మోరి.